ముగింపు నంబరు

ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద
వహీదుద్దీన్ భాయ్ కొత్త కట్ట విప్పిండు.
ఉక్కుడేగ.
అట్ట మీద పెద్దగ: ఒకటో సంచిక.

ఒకటేంది భాయ్, అన్న.
పోయిన నెల ఐదొందల డెబ్బై నాలుగు గదా.
"కంపెనీవోళ్లు మళ్లా సురువు చేసిండ్రు సాబ్.
పాతదంతా క్యాన్సిల్."

క్యాన్సిల్.
ఇరవై ఏడేండ్ల సంది ఆర్టీసీల కండక్టర్ని,
ఆ మాట నాకు తెల్వనిది కాదు.
బస్సు చెడిపోతే ట్రిప్పు క్యాన్సిల్ చేస్తరు,
అప్పటికే ఎక్కి దిగినోళ్ల ప్రయాణాన్ని చెయ్యరు.

పాత గణితం గైడ్ల పక్కన కుక్కుర్చోని
పేజీలు తిప్పిన.
ఎడమ రెక్కకు సొట్ట లేదు.
ముప్ఫై ఎనిమిదో సంచికల
పొంగిన నదిలకెల్లి పసిపిల్లను ఎత్తుకొస్తుంటే
వంతెన స్తంభానికి తగిలి పడ్డ సొట్ట అది.
తర్వాత బొమ్మలేసెటోళ్లు నలుగురు మారిండ్రు,
ఒక్కడు గూడ మరువలే.
మాదన్నపేట గల్లీలల్ల మేం
ఎడమ చెయ్యి జెర వంచి ఉరికేటోళ్లం.

ఇంకో పేజీ తిప్పితే వైదేహి.
కిటికీ కాడ నిలబడి చాయ్ తాగుతుంది.
ఉక్కుడేగ ఎవరో ఆమెకింకా తెల్వదట.

నూట నలభై మూడో సంచికల ఆమె చచ్చిపోయింది.
మల్లమ్మ అద్దె దుకాణంల ఒకటే కాపీ,
రోజుకు పావలా.
ఎజ్రా, నేను ఒకే బెంచీ మీద
చెరొక అంచు పట్టుకొని చదివినం.
వాడు నాకన్న ముందు చదువుతడు.
ఆఖరి పేజీ తిప్పనియ్యకుండ
బొటనవేలు అదిమి పెట్టిండు.
"వద్దురా" అన్నడు, గంతే.
ఆ రోజు మల్లమ్మ పావలా తీసుకోలే.

ఇప్పుడు అది జరగనే లేదంటున్నరు.
అది వేరే లోకమట, వేరే కాలమట,
కొత్తగ చదివెటోళ్లకు సులువట.
సరే.
ఆ బొటనవేలు ఏ లోకంల ఉన్నట్టు?

వేబిల్లుకొక నియమం ఉంది.
పోయిన ట్రిప్పు ముగింపు నంబరే
వచ్చే ట్రిప్పు మొదలు నంబరు.
ఒక్క టికెట్టు తేడా వచ్చినా
నారాయణగూడ కాడ చెకింగోళ్లు బస్సాపుతరు,
సంచి కుమ్మరిస్తరు, సంజాయిషీ అడుగుతరు.
ఐదొందల డెబ్బై నాలుగు తర్వాత ఒకటి రాసినోణ్ణి
ఏ స్టేజీల ఆపాలె?

"యాభై ఏండ్లొచ్చినయ్,
బొమ్మల పుస్తకం మీద అలుగుతవా?" అంటది నాగరత్నం.
అలగలే.
అలుగుడంటే, మళ్ల పిలుస్తరని ఆశ ఉన్నోళ్ల పని.
మంచం కింద ట్రంకు గుంజి లెక్కబెట్టిన.
నూట పంతొమ్మిది లేదు. ఎప్పుడూ లేదు.
దానికోసమే ఇన్నేండ్లు ఆదివారాలు నడిచిన.
రేపు దొరికినా
అదొక జరగని కథ.

రాత్రి ఎజ్రాకు ఫోన్ చేసిన.
మల్కాజిగిరిల ఫ్రిజ్జులు బాగుచేస్తడిప్పుడు.
ఆమె బతికే ఉందంటరా, అని చెప్పిన.
వెనుక ఏదో కంప్రెసర్ గురగుర.
చాలాసేపటికి అడిగిండు:
"మరి మనం ఏడ్చింది?"

సోమవారం ఫస్ట్ డ్యూటీ.
షబ్నం టాకీసు కూలగొట్టి పదకొండేండ్లయింది,
అక్కడిప్పుడు అద్దాల నగల దుకాణం.
నేనింకా "షబ్నం, షబ్నం" అనే అరుస్తున్న,
జనం అక్కడ్నే దిగుతున్నరు.

ఇయ్యాల దిగినోళ్లల్ల ఒక పిల్లగాడు,
టాకీసు పడినంక పుట్టినోడు.
చంకల ఒకటో సంచిక.
ఆ రెక్కకు సొట్ట ఉండాలె బిడ్డా అందామని
నోట్లకెల్లి విజిల్ తీసిన.
వాడు ఫుట్‌బోర్డు చివర నిలబడి
పుస్తకం పండ్లతోని కరిచిపట్టి
రెండు చేతులు చాపి దూకిండు,
రెండూ తిన్నగ.

బాగనే ఎగిరిండు.
రైట్, అన్న.